బోధన సామగ్రిలోని వివక్షను సమీక్షించాలని వినతిపత్రం

గౌరవనీయులైన పాఠశాల విద్యాశాఖ సంచాలకుల వారికి,
తెలంగాణ రాష్ట్రం, హైదరాబాదు.

విషయం: బడుల్లో వాడే చార్టులు, వర్క్‌బుక్కులు, ప్రశ్నపత్రాల్లోని వివక్షాపూరిత చిత్రణల సమీక్ష గురించి.

ఆర్యా,

ప్రభుత్వ పాఠ్యపుస్తకం అచ్చుకు పోయేముందు రచయితలు, సంపాదకులు, విషయ నిపుణులు చూస్తారు. తరగతి గోడకు వేలాడే చార్టుకు అలాంటి తనిఖీ లేదు. షాపులో దొరికింది కొనుక్కొచ్చి మేకుకు తగిలిస్తాం. ఆరేళ్ల పిల్ల ఏడాది పొడుగునా చూసేది దాన్నే.

మేం చూసిన ఒక వ్యతిరేక పదాల చార్టులో ‘అందం’ పక్కన తెల్లని పాప, ‘వికారం’ పక్కన నల్లని పాప. దాని కింద కూర్చునే మన పిల్లల రంగు తమకు తెలియనిది కాదు. ‘మన కుటుంబం’ చార్టులో అమ్మ పొయ్యి దగ్గర, నాన్న పేపరుతో కుర్చీలో, అక్క చేతిలో చీపురు, తమ్ముడి చేతిలో బ్యాటు. పత్తి ఏరే కూలికి పోయే తల్లికి అందులో చోటు లేదు. గిరిజనులంటే ఆకులు చుట్టుకుని బల్లెం పట్టిన బొమ్మే. ఇంటిల్లిపాదితో కెస్లాపూర్ నాగోబా జాతరకు పోయే గోండు పిల్లవాడు తనను అందులో ఎక్కడ వెతుక్కోవాలి? ఇక కొన్ని వ్యాకరణ వర్క్‌బుక్కులు కులాన్నీ, చూపులేనితనాన్నీ ఎగతాళి చేసే సామెతలిచ్చి సొంతవాక్యాలు రాయమంటున్నాయి.

మేం అడుగుతున్నది కొత్త హక్కు కాదు. పాఠ్యప్రణాళిక రాజ్యాంగ విలువలకు అనుగుణంగా ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చెబుతోంది. స్త్రీల గౌరవానికి భంగకరమైన ఆచారాలను విడనాడటం రాజ్యాంగంలోని 51ఎ అధికరణం ప్రకారం పౌరుల విధి. పాఠ్యప్రణాళికలోని పక్షపాతాలను, మూస చిత్రణలను తొలగిస్తామని 2020 జాతీయ విద్యావిధానమే మాట ఇచ్చింది. ఆచరణలో కష్టమనే వారికి ఒక్క ఉదాహరణ చాలు: కేరళలో 2024లో వచ్చిన ఒక పాఠ్యపుస్తకంలో వంటింట్లో కొబ్బరి తురుముతున్నది నాన్న.

కావున మా కోర్కెలు:

మొదటిది, సమీక్ష పాఠ్యపుస్తకాలతో ఆగిపోకూడదు. బడి నిధులతో కొనే చార్టులు, వర్క్‌బుక్కులు, నమూనా ప్రశ్నపత్రాలు, తెరపై చూపే పాఠాలు అన్నీ దాని పరిధిలోకి రావాలి. ప్రైవేటు బడులకూ ఇదే వర్తించాలి. పిల్లలు అక్కడా పిల్లలే.

రెండోది, సమీక్షా సంఘంలో మహిళా ఉపాధ్యాయులతో పాటు దళిత, ఆదివాసీ, మైనారిటీ వర్గాల వారు, వికలాంగులు సభ్యులుగా ఉండాలి. వారి సంతకం లేనిదే ఆమోదం చెల్లకూడదు. ఆహ్వానితులుగా పిలిచి టీ ఇచ్చి పంపడం మాకు సమ్మతం కాదు.

మూడోది, సమీక్ష కొలమానాలను తెలుగులో, ఉర్దూలో ప్రకటించాలి. బొమ్మల్లో ఎవరు పనిచేస్తున్నారు, ఎవరు ఆజ్ఞలిస్తున్నారు, నాటికలో అమాయకుడికి ఏ యాస పెట్టారు అన్నవి లెక్కకు రావాలి. ఒక పేజీలో ఆడపిల్లకు పైలట్ టోపీ పెట్టి, మిగతా పుస్తకమంతా చీపురిస్తే అది సవరణ అనిపించుకోదు.

నాలుగోది, సమీక్ష కత్తెర కాకూడదు. గురజాడ ‘కన్యాశుల్కం’లో బాల్యవివాహం ఉన్నది దాన్ని నిలదీయడానికే. జాషువా ‘గబ్బిలం’లో అంటరానితనమూ అంతే. ఇటువంటి రచనలను తీసేయకుండా, వాటిని ఎలా చెప్పాలో ఉపాధ్యాయులకు సూచనలివ్వాలి. ఈ తేడా పాటించని సమీక్ష మేలుకన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

ఐదోది, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు అభ్యంతరం తెలిపితే రసీదు ఇచ్చి, 60 రోజుల్లో కారణాలతో రాతపూర్వకంగా జవాబివ్వాలి. జవాబు వస్తుందన్న నమ్మకం లేకే చాలామంది నోరు మెదపడం లేదు.

సంఘం ఏర్పాటుకు సమయం పట్టవచ్చు. పైన చెప్పినటువంటి చార్టులను గోడల నుంచి దించడానికి మాత్రం ఒక సర్క్యులర్ చాలు. వచ్చే జూన్‌లో బడులు తెరిచేలోగా దాన్ని జారీ చేయాలని కోరుతున్నాం. చార్టుల ఫొటోలు, వర్క్‌బుక్కు పేజీల నకళ్లు దీనితో జతపరిచాం. వాటిని ముందుంచి మాట్లాడేందుకు మా ప్రతినిధులకు ఒక తేదీ కేటాయించవలసిందిగా మనవి.

ఇట్లు,
తమ విధేయులు,
ఉపాధ్యాయులు, విద్యార్థుల తల్లిదండ్రులు