మొదటి పూట భోజనం

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కు ఉత్తరాన, సైనిక్‌పురిని ఆనుకుని ఉంటుంది యాప్రాల్. ఇటు బొల్లారం, అటు జవహర్‌నగర్. ఫౌజులో చేసి రిటైరైనవాళ్లు జంటనగరాల్లో ఎక్కువగా స్థిరపడిన చోట్లలో అదొకటి. ఈసీఐఎల్‌లో, ఎన్ఎఫ్‌సీలో, రైల్వేలో, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్లూ అక్కడ ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్ల పిల్లలు చాలామంది ఇప్పుడు అమెరికాలోనో, కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్నారు. మన సంఘం సభ్యుల్లోనూ కొందరి తల్లిదండ్రుల చిరునామా యాప్రాల్. ఇక్కడ న్యూజెర్సీలో మన మధ్యకు ఆరు నెలల కోసం వచ్చి వెళ్లే అలాంటి పెద్దల కోసమే ఈ సంచిక. ఇక్కడ వాళ్ల రోజు ఎలా గడుస్తోందో అర్థం కావాలంటే, అక్కడ ఎలా గడిచేదో ముందు చూడాలి.

యాప్రాల్ వీధులు తెల్లవారి అయిదున్నరకే మేలుకుంటాయి. మఫ్లర్లు చుట్టుకుని, చేతికర్రలు ఊపుకుంటూ పెద్దవాళ్లు జట్లుజట్లుగా నడుస్తుంటారు. ఒక్కో జట్టులో తెలుగు, హిందీ, మలయాళం, పంజాబీ కలిసి వినబడతాయి. నడక అయ్యాక టీ బండి దగ్గర పావుగంట, అక్కడి నుంచి పాల ప్యాకెట్లు తీసుకుని ఇంటికి. తొమ్మిదింటికి కూరగాయల బండి వస్తుంది. అయిదు రూపాయల దగ్గర మొదలైన బేరం బండివాడి కూతురి ఇంటర్ మార్కుల దాకా వెళుతుంది. పదకొండింటికి స్కూటర్ తీసి బ్యాంకుకు వెళ్లి పాస్‌బుక్ ప్రింటు వేయించుకోవాలి. మిలిటరీ క్యాంటీన్ రోజైతే కార్డు పట్టుకుని వరసలో నిలబడాలి. బీపీ, షుగర్ మాత్రల కోసం పాలీక్లినిక్‌లో టోకెన్ తీసుకోవాలి. ఆ వరసలో ముందున్నాయన ఒకప్పుడు తేజ్‌పూర్‌లోనో, పఠాన్‌కోట్‌లోనో తనతో పాటు ఉన్నవాడే అవుతాడు. ఇక మధ్యాహ్నం దాకా ఆ కబుర్లే. ఆడవాళ్లకు శుక్రవారం లలితా సహస్రనామ పారాయణ, నెలవారీ చీటీ, పేరంటాలు, పక్కింటి కరివేపాకు చెట్టు.

ఇందులో పెద్ద పని ఏదీ లేదు. అందుకే మనం ఇక్కడి నుంచి ఫోన్ చేసి, “బ్యాంకుకు ఎందుకు నాన్నా ఎండలో, అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయిగా” అంటాం. పెన్షన్ కోసం నవంబరులో ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతీ అంతే. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ పద్ధతి వచ్చింది, ఇప్పుడైతే ఫోన్ కెమెరాకు ముఖం చూపిస్తే చాలు. అమెరికాలో ఉన్నప్పుడు పెన్షన్ ఆగిపోతుందేమోనన్న బెంగ దానితో తగ్గింది. మంచిదే. కానీ బ్యాంకు పని కోసం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరతారు, దారిలో పదిమందిని పలకరిస్తారు, కౌంటర్లో కుర్రాడికి ఒక సలహా చెబుతారు, ఇంటికొచ్చి ఆ కథంతా భార్యకు వినిపిస్తారు. పని పేరు పాస్‌బుక్కే, జరిగింది మాత్రం ఒక పూట జీవితం.

అదే మనిషి మే నెలలో న్యూజెర్సీలో దిగుతారు. మన తల్లిదండ్రులకు రాకపోకలు మునుపటికన్నా తేలికయ్యాయి. 2008 అక్టోబరులో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచేదాకా వీసా ఇంటర్వ్యూకు చెన్నై వెళ్లాల్సి వచ్చేది. 2023 మార్చిలో ఆ కార్యాలయం నానక్‌రామ్‌గూడకు మారింది. శంషాబాద్ విమానాశ్రయం కూడా 2008లోనే మొదలైంది. ప్రయాణం సులువైంది గానీ, దిగిన మర్నాటి నుంచి మొదలయ్యే పగలు ఏమాత్రం సులువు కాలేదు.

ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ అవుతుంది. పిల్లలు బడికి, కొడుకూ కోడలూ ఆఫీసులకు. వెళ్తూ వెళ్తూ మనం చెప్పే మాటలు ఏమిటి? తలుపు ఎవరు కొట్టినా తీయకండి. అలారం కోడ్ మర్చిపోకండి. పోపు పెట్టేటప్పుడు నూనె బాగా కాగనివ్వకండి, పొగకు సైరన్ మోగుతుంది. అన్నీ వాళ్ల క్షేమం కోరి చెప్పేవే. అయినా, అరవై ఏళ్లుగా పోపు పెడుతున్న మనిషి ఆవాలు చిటపటలాడగానే పైకప్పు వంక భయంగా చూడడం మన ఇళ్లలో కనిపించే దృశ్యమే.

వేసవిలో న్యూజెర్సీకీ యాప్రాల్‌కీ తొమ్మిదిన్నర గంటల తేడా. ఇక్కడ ఉదయం పదైతే అక్కడ రాత్రి ఏడున్నర. కాబట్టి ఉదయం పూట ఫోన్లు నడుస్తాయి. తమ్ముడితో, వియ్యపురాలితో, నడక జట్టులోని మిత్రులతో వాట్సాప్‌లో మాట్లాడుకుంటారు. మధ్యాహ్నం ఒంటిగంటకు అక్కడ రాత్రి పదిన్నర అవుతుంది, ఒక్కొక్కరే పడుకుంటారు. మన పెద్దలకు అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. స్కూలు బస్సు వచ్చేదాకా ఆ రెండు మూడు గంటలూ మాట్లాడేందుకు ఈ భూగోళం మీద అటూ ఇటూ ఎవరూ దొరకరు. మీ అమ్మగారు ఆఫీసు వేళలో అవసరం లేకపోయినా ఫోన్ చేస్తే, ఎన్ని గంటలకు చేశారో ఒకసారి చూడండి.

అమ్మమ్మలకూ నానమ్మలకూ కనీసం వంటిల్లు ఉంటుంది. పురుడు పోయడానికి వచ్చినవాళ్లకు పసివాడి స్నానం, ఉగ్గు, జోల ఉంటాయి. ఒక ఆరు నెలలు అమ్మాయి తల్లి, తర్వాతి ఆరు నెలలు అత్తగారు వంతులు వేసుకుని వస్తారు. ఆ చాకిరీ తక్కువదేమీ కాదు, దాన్ని గుర్తించడంలో మనం లోపం చేస్తున్నాం కూడా. తాతలకు ఆ పనీ లేదు. స్కూటర్ లేదు, బ్యాంకు లేదు, టీ బండి లేదు. కాలనీలో నడుద్దామంటే అరమైలు నడిచినా ఎదురుపడేది మనుషులు కాదు, కార్లు. ఆయన మీద ఆధారపడిన పని ఒక్కటీ ఇంట్లో ఉండదు. కుటుంబానికి నలభై ఏళ్లు దారి చూపిన మనిషి కిరాణా కొట్టుకు వెళ్లాలన్నా శనివారం దాకా ఆగాలి.

ఇక ఆరోగ్యం. మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ ఇక్కడ పనికిరాదు. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బుల చికిత్సకు వర్తించవు. గ్రీన్‌కార్డు వచ్చినా, ఇక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు అరవై అయిదు దాటాక మెడికేర్‌ను ప్రీమియం కట్టి తీసుకోవాలంటే అయిదేళ్లు వరుసగా ఇక్కడ ఉండాలి. “జారిపడితే పిల్లలకు ఎంత ఖర్చో” అన్న జంకుతో మంచు పడ్డ రోజున గడప దాటని పెద్దలు మనలో ఎందరింట్లోనో ఉన్నారు. పైగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు ముందుగా అనుమతి తీసుకోకుండా ఏడాదికి మించి యాప్రాల్‌లో ఉండిపోవడానికి వీల్లేదు. కట్టుకున్న ఇల్లు అక్కడ, కార్డు ఇక్కడ.

ఒక సంగతి నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తోంది. ఫౌజువాళ్లకు కొత్త ఊరు కొత్త కాదు. రెండు మూడేళ్లకోసారి పోస్టింగ్ ఆర్డరు రాగానే నల్ల ట్రంకు పెట్టెల మీద పాత యూనిట్ పేరు చెరిపి కొత్తది రాసుకుని, భాష తెలియని ఊళ్లలో కాపురాలు పెట్టినవాళ్లు. లేహ్ చలినీ, జోధ్‌పూర్ ఎండనూ చూసినవాళ్లు. మరి వాళ్లే ఇక్కడ మన ఊళ్లలో ఎందుకు కుంగిపోతున్నారు? ఆ జీవితం ఎరిగిన ఒక పెద్దావిడను అడిగితే వెంటనే చెప్పారు: “అక్కడ మేం వెళ్లేసరికి మా కోసం ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండేవాళ్లు బాబూ. దిగిన పూట అన్నం మేం ఎప్పుడూ వండుకోలేదు.”

సైన్యంలో అది మంచి సంప్రదాయం. కొత్త కుటుంబం క్వార్టర్లో సామాను దించుకుంటుండగానే పక్క క్వార్టర్ నుంచి టీ వస్తుంది, ఆ పూట భోజనం వస్తుంది. మర్నాడు ఎవరో వచ్చి క్యాంటీన్ ఎక్కడో, బడి ఎక్కడో, పాలవాడు ఎన్నింటికి వస్తాడో చెబుతారు. వారం తిరగకుండా ఆ ఇంటి ఇల్లాలిని ఆడవాళ్ల సమావేశానికి పిలుస్తారు. వచ్చినవాళ్లు మొహమాటస్తులైనా సరే, ఆ ఏర్పాటు వాళ్లను లోపలికి తీసుకుంటుంది. చొరవ చూపాల్సిన బాధ్యత వచ్చినవాళ్లది కాదు, ముందు నుంచీ ఉన్నవాళ్లది. మన సంఘానికి లేనిది ఇదే.

మన కార్యక్రమాలన్నీ శని, ఆదివారాల్లోనే. ఉగాది వేడుకలు, వనభోజనాలు, దీపావళి అన్నిటికీ పెద్దలను తీసుకొస్తాం. వేదిక మీద శాలువా కప్పి సత్కరిస్తాం. ఆ రెండు రోజులూ ఎలాగూ ఇంటినిండా మనుషులుంటారు. వాళ్ల ఒంటరితనం సోమవారం పొద్దున మొదలై శుక్రవారం సాయంత్రం దాకా ఉంటుంది. ఆ అయిదు రోజుల్లో మన సంఘం వాళ్లకోసం చేస్తున్నది ఏమీ లేదు.

“పనిరోజుల్లో ఎవరికి తీరిక?” అని అడుగుతారు. తీరిక ఉన్నవాళ్లు మనలోనే ఉన్నారు. 1965 వలస చట్టం తర్వాత, డెబ్బైల్లో ఈ దేశానికి వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు ఇక్కడే రిటైరయ్యారు. వాళ్లకు కార్లున్నాయి, మెడికేర్ ఉంది, యాభై ఏళ్లుగా ఎరిగిన ఊళ్లున్నాయి. పొద్దున జిమ్ముకూ, గుడిలో సేవకూ వెళతారు, చలికాలం ఫ్లోరిడాలో గడుపుతారు. వాళ్లకూ సాయంత్రాలు ఖాళీయే, వాళ్ల పిల్లలు వేరే రాష్ట్రాల్లో ఉన్నారు. ఒకే వయసు, ఒకే భాష, ఒకే పాత సినిమా పాటలు. అయినా ఇక్కడ రిటైరైనవాళ్లూ అక్కడ రిటైరై వచ్చినవాళ్లూ ఒక బల్ల దగ్గర కూర్చోవడం అరుదు. ఈ రెండు వర్గాలను కలపడాన్ని మించిన పని ప్రస్తుతం మన సంఘానికి లేదని నా గట్టి నమ్మకం.

డబ్బు పెద్దగా అక్కర్లేదు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో భారతీయ పెద్దలు తమకు తాము ‘హండ్రెడ్ ఇయర్స్ లివింగ్ క్లబ్’ అని పేరు పెట్టుకుని ఒక షాపింగ్ మాల్‌లో కలుసుకునేవారని 2009లో న్యూయార్క్ టైమ్స్ రాసింది. వాళ్లకు కావలసింది కూర్చునే చోటు, అక్కడికి చేరే దారి. మనకూ అంతే. గ్రంథాలయాల్లో సమావేశపు గదులు దొరుకుతాయి. 1965లోనే వచ్చిన ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద అరవై దాటినవారికి భోజనం, కాలక్షేపం ఏర్పాటు చేసే సీనియర్ సెంటర్లు మన చుట్టుపక్కల ఉన్నాయి, మనం అటువైపు తొంగిచూడలేదు. ఇక పెద్దలకు పని కల్పించే విషయం. 2007లో సిలికానాంధ్ర మొదలుపెట్టిన మనబడి వంటి తరగతుల్లో పిల్లలు గుణింతాలు నేర్చుకుంటున్నారు గానీ తెలుగులో గడగడా మాట్లాడే అవకాశం వాళ్లకు తక్కువ. సియాచిన్‌లో కాపలా కాసిన తాతయ్యను ఆ పిల్లల ముందు కూర్చోబెట్టండి. పిల్లలకు భాష వస్తుంది, ఆయనకు వారంలో ఒక రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లే చోటు దొరుకుతుంది.

కార్యవర్గం ముందు, సభ్యులందరి ముందు నేను పెడుతున్న కోరిక ఇది. మీ అమ్మానాన్నలు వస్తున్న తేదీ, మీ ఊరు, వాళ్ల స్వస్థలం సంఘానికి ఒక ఈమెయిల్‌లో తెలియజేయండి. దిగిన రోజు మీ ఇంటికి దగ్గరలో ఉన్న సభ్యుల కుటుంబం భోజనం తెస్తుంది. ఆ వారంలోనే వాళ్ల వయసువారు ఒకరు ఫోన్ చేసి పలకరిస్తారు. వారానికి ఒక పనిరోజు మధ్యాహ్నం, ఒంటిగంట నుంచి మూడు దాకా, గ్రంథాలయంలో పెద్దల కూడిక జరుగుతుంది. తీసుకెళ్లి దింపడానికి కార్లు కావాలి. ఇక్కడ రిటైరైన సభ్యులారా, వారంలో ఒక పూట మీ కారు, మీ రెండు గంటలు ఇవ్వండి. పేర్లు ఈ నెలాఖరులోగా పంపితే, వచ్చే నెల నుంచే మొదలుపెడదాం.