మినహాయింపు అనే మర్యాద

కిందటి ఏడాది వేసవి చివర కౌంటీ కోర్టు నుంచి నా పేరున ఒక కవరు వచ్చింది. జ్యూరీ సేవకు హాజరు కావలసిందిగా సమన్లు. అప్పటికి మా పెద్దదానికి నాలుగేళ్ళు, చిన్నవాడికి పద్నాలుగు నెలలు. మేముండేది కాలిఫోర్నియాలో. మావారు వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు వెళ్ళక తప్పదు. నేను ఇంట్లోనే సగం పూట ఉద్యోగం చేసుకుంటూ పిల్లల్ని చూసుకుంటున్నాను. కవరు విప్పగానే నాకు కలిగిన మొదటి ఆలోచన పౌరధర్మం గురించి కాదు. "వీణ్ణి ఎవరు చూస్తారు?" అన్నదే.

రెండో ఆలోచన, దీన్ని ఎలా తప్పించుకోవడమా అని. ఆ వారాంతంలో ఒక పుట్టినరోజు విందులో సంగతి కదిపితే మన తెలుగువాళ్ళలో సలహాలకు కొదవ లేదని తేలింది. ఇంగ్లీషు సరిగా రాదని రాసెయ్యమన్నారొకరు. పోలీసుల మీద నమ్మకం లేదని జడ్జిగారితో చెబితే ఆ క్షణమే పంపేస్తారన్నారు ఇంకొకరు. అసలు జవాబే ఇవ్వకపోతే ఏమవుతుందట అన్నవారూ ఉన్నారు. (జరిమానా అవుతుంది.) వీరంతా ఏళ్ళ తరబడి వరుసలో నిలబడి పౌరసత్వం తెచ్చుకున్నవారే. పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పమని పౌరసత్వ పరీక్షకు మేము చదువుకున్న ప్రశ్నల్లో ఉంది. జ్యూరీలో పనిచేయడం దానికి సరైన జవాబుల్లో ఒకటి. జవాబు చెప్పి పరీక్ష దాటాము, పని దగ్గరకు వచ్చేసరికి ఇంగ్లీషు మరిచిపోయాము!

వారిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. పెద్దది నెలల పిల్లగా ఉన్నప్పుడు ఇలాగే పిలుపు వస్తే పాలిస్తున్నానని రాసి వాయిదా వేయించుకున్నాను. కాలిఫోర్నియాలో పాలిచ్చే తల్లి కోర్టు గుమ్మం తొక్కకుండానే ఏడాది వరకు వాయిదా కోరవచ్చు. ఆ గడువు తీరి మళ్ళీ పిలిస్తే, పిల్లను చూసుకునేవారు వేరే లేరని రాసి మినహాయింపే అడిగాను. తానే స్వయంగా చూసుకోక తప్పని బిడ్డ ఉండి, దానికి సాటివచ్చే ఏర్పాటు దొరకనప్పుడు, దొరికినా మోయలేనంత ఖర్చైనప్పుడు, జ్యూరీ నుంచి మినహాయించవచ్చునని ఈ రాష్ట్ర న్యాయస్థానాల నియమాల్లో ఉంది. అడిగాను, ఇచ్చారు. ఒక్క ప్రశ్న వేయలేదు. ఎంత మర్యాద తెలిసిన దేశమో అనుకున్నాను.

ఆ మర్యాద గురించి ఈసారి మళ్ళీ ఆలోచించవలసి వచ్చింది. కారణం మావారు. రెండేళ్ళ కిందట ఆయనకూ సమన్లు వచ్చాయి. వెళ్ళారు, రెండు రోజులు కూర్చుని వచ్చారు. పిల్లను ఎవరు చూస్తారని కోర్టు అడగలేదు, ఆఫీసు అడగలేదు, ఆయన అడగలేదు. నిజం చెప్పవద్దూ, నేనూ అడగలేదు. ఒకే ఇల్లు, ఒకే పిల్ల. ఆయనకు వస్తే అది పౌరధర్మం, నాకు వస్తే ఇబ్బంది.

ఈ తేడా మా ఇంట్లో పుట్టింది కాదు. 1961లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు హొయిట్ అనే స్త్రీ కేసు వచ్చింది. భర్తను చంపిందన్న నేరానికి ఫ్లోరిడాలో ఆమెను విచారించి శిక్షించిన జ్యూరీలో అందరూ పురుషులే. ఆ రాష్ట్రంలో ఆనాడు స్త్రీలు తమంతట తాము వచ్చి పేరు నమోదు చేయించుకుంటే తప్ప జ్యూరీ జాబితాలోకి ఎక్కేవారు కారు. అది తప్పు కాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంటికీ కుటుంబానికీ స్త్రీయే కేంద్రం కనుక ఆమెను ఈ భారం నుంచి తప్పించడం సబబేనన్నది వారి వాదం. వినడానికి ఎంత గౌరవంగా ఉందో చూడండి! ఆ గౌరవం వల్ల హొయిట్‌కు జరిగిందేమిటంటే, ఆమె సంసారంలోని కష్టసుఖాలను స్త్రీగా ఎరిగినవారు ఒక్కరు కూడా ఆమెకు తీర్పు చెప్పిన గదిలో లేకపోవడం.

1975లో లూసియానా నుంచి వచ్చిన టేలర్ కేసులో కోర్టు ఈ పద్ధతిని కాదన్నది. తరువాత, అడిగిన ప్రతి స్త్రీకీ మినహాయింపు ఇచ్చే మిస్సోరీ చట్టం మీద డ్యూరెన్ అనే పురుషుడు పోరాడితే, అతని పక్షాన వాదించినవారిలో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ఒకరు. తరువాతి కాలంలో ఆవిడ అదే కోర్టులో న్యాయమూర్తి అయ్యారు. 1979లో వెలువడిన ఆ తీర్పు ఆడవారన్న ఒక్క కారణంతో మినహాయించడం కుదరదన్నది. అయితే పిల్లల్ని చూసుకునే బాధ్యత ఉన్నవారికి, ఆ అవసరానికి సరిపడా కొలిచి ఇచ్చే మినహాయింపు వేరే సంగతి అని కూడా అన్నది. అంటే నాకు దక్కిన మినహాయింపు చట్టం ప్రకారం సక్రమమైనదే. అయినా ఫలితంలో 1961కీ దానికీ ఎంత దూరముందన్నది నా సందేహం.

ఈసారి మినహాయింపు అడగలేదు, వాయిదా అడిగాను. నవంబరులో తెనాలి నుంచి అమ్మ సందర్శకుల వీసా మీద వస్తోంది. డిసెంబరు మొదటి వారం కోరుకుంటే ఇచ్చారు.

అమ్మకు ఈ జ్యూరీ వ్యవహారం వింతగా తోచింది. "చదివిన జడ్జీ ఉండగా నువ్వు తీర్పు చెప్పడమేమిటే?" అంది. మన దేశంలోనూ ఒకప్పుడు జ్యూరీ ఉండేదనీ, 1959 నాటి నానావతి కేసులో జ్యూరీ ఇచ్చిన తీర్పు పెద్ద దుమారం రేపిందనీ, తరువాత ఆ పద్ధతే పోయిందనీ చెప్పాను. కాసేపాగి, "మా ఊళ్ళో రచ్చబండ మీద పంచాయితీ చెప్పిన పెద్దల్లో ఒళ్ళో బిడ్డ ఉన్నదాన్ని నేను ఒక్కదాన్నీ చూడలేదు. వెళ్ళి రా, వీడి సంగతి నేను చూసుకుంటాను" అంది.

కోర్టులో అరవైమంది దాకా ఉన్నాము. జడ్జిగారు అభియోగం చదివి వినిపించారు. ఒక తల్లి ఇద్దరు పిల్లల్ని అపార్ట్‌మెంటులో వదిలి రాత్రి ఉద్యోగానికి వెళ్ళిందట. పిల్లల్ని అపాయంలో ఉంచిందన్నది నేరం. విచారణ ఎనిమిది రోజులు సాగవచ్చునన్నారు. కష్టం ఉన్నవారు చెప్పుకోవచ్చునన్నారు. వరుస కట్టినవారిలో పసిపిల్లల తల్లులు ఎనిమిదిమందినీ, ఒక తండ్రినీ లెక్కపెట్టాను. డే కేర్ ఆరింటికి మూస్తారని ఒకావిడ, ఆయా ఆ వారం రానన్నదని ఒకావిడ, తానొక్కతే పెంచుకుంటున్నానని ఒకావిడ. జడ్జిగారు ప్రతివారితోనూ దయగా మాట్లాడి పంపేశారు.

ఆయా చివరి నిమిషంలో రానంటే ఏమవుతుందో బతుకులో ఎరిగినవారే ముందుగా ఆ గది దాటి వెళ్ళిపోయారు. మిగిలినవారిలో నెరిసిన తలలే ఎక్కువ. వారు అన్యాయం చేస్తారని నేననడం లేదు. ఆ తల్లి దోషో కాదో కూడా నాకు తెలియదు. కానీ ఆ రాత్రి ఆమెకు వేరే దారి ఉందా లేదా అని తూచవలసి వస్తే, తూనికరాళ్ళు ఎవరి దగ్గర ఉంటాయి?

నా వంతు వచ్చింది. పిల్లల్ని ఎప్పుడైనా ఒంటరిగా వదిలారా అని ప్రాసిక్యూషన్ లాయరు అడిగారు. చెత్త పారబోయడానికి వెళ్ళినప్పుడు వదిలానని చెప్పాను. కొందరు నవ్వారు. కాసేపటికి ఆ లాయరే కారణం చెప్పనవసరం లేని హక్కు వాడి నాకు ధన్యవాదాలు చెప్పారు. నాలుగింటికి ఇంట్లో ఉన్నాను. ఊరట కలగలేదంటే అబద్ధం. కానీ అది మునుపటి ఊరట కాదు.

మినహాయింపు తీసేయమని నేననను. నాకు అమ్మ ఉంది, టిక్కెట్టు కొనే స్తోమతు ఉంది. ఒంటరి తల్లిని బలవంతాన కూర్చోబెట్టడం న్యాయం కాదు. కానీ ఆమెకు న్యాయస్థానం ఇవ్వగలిగింది "ఇంటికి వెళ్ళు" అన్న మాట ఒక్కటేనా? కాలిఫోర్నియాలో సాధారణంగా జ్యూరరుకిచ్చేది రోజుకు 15 డాలర్లు, అదీ రెండో రోజు నుంచి. ఒక్కపూట పిల్లల సంరక్షణకు కూడా అది చాలదు. మిన్నెసోటాలో జ్యూరీ వల్ల అదనంగా అయిన శిశు సంరక్షణ ఖర్చును కొంత పరిమితి మేరకు తిరిగి ఇస్తారు. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు? కోర్టులో అంతమంది కూర్చునే హాలు ఉన్నప్పుడు పసివాళ్ళకొక గది, ఒక ఆయా అంత గొంతెమ్మ కోరికా?

ఈలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. సమన్లు వస్తే చెత్తబుట్టలో వేయకండి, ఇంగ్లీషు రాదని బొంకకండి. ముందు వాయిదా అడగండి. అమ్మానాన్నలు వచ్చే నెలో, భార్యాభర్తల్లో ఒకరికి సెలవు దొరికే వారమో చూసుకోండి. అది కుదరనప్పుడే, ఉన్నది ఉన్నట్లు రాసి మినహాయింపు కోరండి. మగవారికి ఒక మాట. ఈసారి సమన్లు మీ పేరున వస్తే, పిల్లల్ని ఎవరు చూస్తారని మీరే ముందుగా అడగండి. మీ భార్య పేరున వస్తే సెలవు మీరు పెట్టండి.

మా అమ్మ ఏప్రిల్‌లో వెళ్ళిపోయింది. పిలుపు మళ్ళీ ఎప్పుడో వస్తుంది. అప్పటికి చిన్నవాడు బడికి వెళ్తుంటాడేమో. కానీ ఆ రోజు కూడా నా స్థానంలో ఎవరో ఒక పసిబిడ్డ తల్లి కోర్టుకు క్షమాపణ రాసుకుంటూ ఉంటుంది. ఆమెకు మనం చేస్తున్నది మర్యాదా, వెలివేతా? మీలో జ్యూరీకి వెళ్ళినవారూ, వెళ్ళకుండా తప్పించుకున్నవారూ కూడా మీ అనుభవం చెప్పండి.