పట్టుకున్నదెవరో చూడకుండా రీస్టార్టా?

సర్వర్‌లో డిస్కు నిండిందంటే మొదట వినిపించే మాట "పాత లాగ్ లేపెయ్". దానికీ లొంగకపోతే "రీస్టార్ట్ కొట్టు". ఏ ప్రాసెస్ ఏ ఫైలు తెరిచి పెట్టుకుందో వెతకడం తీరికున్నవాళ్ల పనట! ఈ వాదన బద్ధకానికి వేసిన ముసుగు.

ఓ రాత్రి జరిగింది చెబుతాను. డీఎఫ్ 100 శాతం చూపిస్తోంది. మా కుర్రాడు 40 జీబీ లాగ్‌ని ఆర్‌ఎమ్ చేశాడు. రొటేట్ అయి పేరు చివర 1 చేరింది గనక పాతదే అనుకున్నాడు. ఫైలు పోయింది, 100 మాత్రం కదల్లేదు. డీయూతో లెక్కేస్తే ఆ 40 జీబీ ఎక్కడా కనబడదు. "డిస్కు పాడైందేమో సార్" అన్నాడు. డిస్కు నిక్షేపంగా ఉంది. యూనిక్స్‌లో ఆర్‌ఎమ్ తీసేసేది పేరునే. ఏదో ఒక ప్రాసెస్ తెరిచి ఉంచినంతసేపూ ఆ జాగా తిరిగి రాదు.

పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విక్టర్ ఏబెల్ రాసిన ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఇలాంటప్పుడే అక్కరకొస్తుంది. రూట్‌గా, ప్లస్ ఎల్ 1 తగిలించి నడిపితే పేరు పోయినా తెరిచే ఉన్న ఫైళ్లు బయటపడతాయి. ఒక జావా ప్రాసెస్, డిస్క్రిప్టర్ 7, వరుస చివర "డిలీటెడ్". ప్రాక్‌లో ఆ ప్రాసెస్ ఎఫ్‌డీ డైరెక్టరీకి వెళ్లి 7ని ఖాళీ చేశాం. సర్వీసు ఆగకుండానే జాగా వచ్చింది.

రీస్టార్ట్ చేసినా వచ్చేదిగా అంటారు. వచ్చేది. కానీ రొటేట్ అయ్యాక కొత్త ఫైలు తెరవమని ఆ ప్రాసెస్‌కి ఎవరూ చెప్పలేదన్న సంగతి మాత్రం తెలిసేది కాదు. మళ్లీ డిస్కు నిండేది, మళ్లీ రీస్టార్టే.

ఎల్‌ఎస్‌ఓఎఫ్‌కి అన్నీ కనబడతాయని నేననను. స్వాప్ ఫైలు, లూప్ డివైజ్ లాంటివి కెర్నెల్ చేతిలో ఉంటాయి, వాటిని వేరే చోట వెతుక్కోవాలి.

అన్‌మౌంట్ దగ్గర ఈ తొందర మరీ ప్రమాదం. "బిజీ" అనగానే ఫ్యూజర్‌కి కే, ఎమ్ తగిలించి అందర్నీ చంపేయడం! లినక్స్‌లో ఆ డైరెక్టరీ మీద అప్పటికి ఏదీ మౌంట్ అయి లేకపోతే, అది ఉన్న ఫైల్‌సిస్టమ్ మొత్తానికీ ఆ వేటు వర్తిస్తుంది. అది రూటే అయితే మెషీన్ గతేంటి? ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. దీన్ని ఆపడానికే పెద్ద ఎమ్ అనే ఇంకో ఆప్షన్ పెట్టారు, వాడేవాళ్లను నేను పెద్దగా చూడలేదు.

మొన్న ఒకాయన ఇలాగే ఎంటర్ నొక్కబోతుంటే ఆపి, కే బదులు వీ పెట్టించాను. ఒక్కటే వరుస వచ్చింది, అందులో సీ అక్షరం. ఏదో ప్రాసెస్ ఆ డైరెక్టరీలోనే కూర్చుందని దానర్థం. పీఐడీ చూస్తే ఆయన బ్యాషే. ఇంకో విండోలో అక్కడికి సీడీ చేసి మరిచిపోయాడు.