లేని భూమికి కూడా కౌలేనా?

గురువు బొమ్మ ముందు నిలబడి చదువు నేర్చిన మొదటివాడు మన ఏకలవ్యుడు. ద్రోణుడు దగ్గరికి రానివ్వలేదు. అడవిలోకి పోయి మట్టితో ద్రోణుడి బొమ్మ చేసుకుని, దాని ముందే విల్లు పట్టాడు. రాజకుమారుల కంటే బాగా నేర్చాడు. అప్పుడొచ్చాడు అసలు గురువు, ఫీజు వసూలుకి. పాఠం చెప్పనివాడు బొటనవేలు మాత్రం అడిగాడు.

ఈ కథ మన వాడల్లో తెలియనివారు లేరు. ఇప్పుడెందుకు ఎత్తుతున్నామంటే, కాలేజీల్లో, యూనివర్సిటీల్లో మళ్లీ బొమ్మ చదువు వస్తోంది. వర్చువల్ ప్రపంచం అంటున్నారు, మెటావర్స్ అంటున్నారు. ఇక కులం అడ్డురాదు, దూరం అడ్డురాదు, అందరికీ ఒకే తరగతి అని ఊరిస్తున్నారు. నిజమేనా? మన పిల్లలకు ఇందులో ఏముంది? ఏం పోతుంది? ఈ సంచికలో దాని గురించే మాట్లాడదలిచాం.

ముందు అదేంటో తేల్చుకుందాం. సెల్‌ఫోన్లో పిల్లలు ఆడే ఆటలు చూశారు గదా. తెరమీద ఒక ఊరు, రోడ్లు, ఇండ్లు, అందులో పరిగెత్తే మనిషి బొమ్మ. మనం ఎటు నడిపిస్తే అటు నడుస్తుంది. అట్లాంటి ఊరే కట్టి, ఆటకు బదులు బడి పెడితే అదే వర్చువల్ తరగతి. పాఠం చెప్పే సారుకో బొమ్మ, వినే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఒక బొమ్మ. దానికి అవతార్ అని పేరు. ఒకరు ఆదిలాబాద్‌లో, ఒకరు అమలాపురంలో ఉన్నా బొమ్మలు ఒకే గదిలో కూర్చుంటాయి, మాట్లాడుకుంటాయి. కొన్నిటికి మామూలు కంప్యూటర్ చాలు. కొన్నిటికి కళ్లకు కట్టుకునే పెట్టె కావాలి. హెడ్‌సెట్ అంటారు. అది పెట్టుకుని తల ఎటు తిప్పితే అటు ఆ ఊరు కనపడుతుంది.

ఇది నిన్న మొన్న పుట్టింది కాదు. అమెరికాలో లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో 'సెకండ్ లైఫ్' అనే ఊరు తెరిచింది. నాలుగేళ్లు తిరక్కుండానే యూనివర్సిటీలు అందులోకి క్యూ కట్టాయి. హార్వర్డ్ వాళ్లు 2006లో లా పాఠం అక్కడ చెప్పారు. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ అక్కడ దీవులు తీసుకుంది. లండన్‌లో అంబులెన్స్ పని నేర్చుకునే విద్యార్థులకు బొమ్మ రోగులను చూపించి, ఏం చేస్తారో చెయ్యండి అన్నారు. తప్పు చేస్తే బొమ్మకే పోయేది, మనిషి ప్రాణానికి ఏమీ కాదు. ఇది మంచి పనే. మేము కాదనం.

కానీ ఆ ఊళ్లో బడి కట్టాలంటే జాగా కావాలి. జాగా ఎవరిది? కంపెనీది. ఒక దీవి 65,536 చదరపు మీటర్లు. మన లెక్కన 16 ఎకరాల పైచిలుకు. దానికి అప్పట్లో నెలకు 295 డాలర్లు కట్టాల్సి వచ్చేది. చదువు సంస్థలని దయ తలచి సగానికి ఇచ్చారు. ఆ మాట నమ్మి టీచర్లు రాత్రింబవళ్లు కూర్చుని తరగతులు కట్టారు, ఆసుపత్రులు కట్టారు, మ్యూజియంలు కట్టారు. 2010 అక్టోబర్‌లో కంపెనీ ఒక ప్రకటన చేసింది. 2011 జనవరి నుంచి ఆ సగం రాయితీ రద్దు. పూర్తి కిరాయి కట్టేవాళ్లుండండి, లేనివాళ్లు పొండి.

అన్నలారా, అక్కలారా! ఒక్కసారి ఆలోచించండి. ఆ భూమిలో మట్టి లేదు. గట్టు లేదు, బావి లేదు, వాన పడదు, గింజ మొలవదు. అసలు భూమే లేదు. కౌలు మాత్రం ఉంది! చెమటోడ్చి ఇల్లు కట్టింది ఒకరు, వెళ్లగొట్టే హక్కు ఇంకొకరిది. ఇది మనకు కొత్త సంగతా? తాతల నాడు బంజరు కొట్టి సాగు చేసుకుంటే, పంట చేతికొచ్చే వేళకు పట్టా దొర పేర తేలిన ఊళ్లు మన జిల్లాల్లో ఎన్ని లేవు?

చాలా కాలేజీలు ఖాళీ చేసి పోయాయి. కట్టిందాన్ని పీక్కుని వేరేచోట పెట్టుకోవడం కూడా అంత తేలిక కాలేదు. 2013లో కంపెనీ మళ్లీ రాయితీ ఇచ్చింది. పోయినవాళ్లు చాలామంది తిరిగి రాలేదు. ఒకసారి వెళ్లగొట్టిన ఆసామి దగ్గర మళ్లీ కౌలుకు పట్టేదెవరు?

ఆ తర్వాత కథా అదే. బడిపిల్లలకు లోకం చూపిస్తామని గూగుల్ తెచ్చిన 'ఎక్స్‌పెడిషన్స్' 2021లో మూతపడింది. 'ఆల్ట్‌స్పేస్' అనే కలుసుకునే చోటును మైక్రోసాఫ్ట్ 2017లో కొని 2023 మార్చిలో మూసేసింది. మొజిల్లా నడిపిన 'హబ్స్'ను 2024 మే నెలాఖరుకు ఆపేశారు. అయితే హబ్స్ విషయంలో ఒక తేడా ఉంది. దాన్ని రాసిన కోడు అందరికీ ఇచ్చేశారు. కాబట్టి కంపెనీ చేతులెత్తేసినా తెలిసినవాళ్లు దాన్ని తమ సొంత కంప్యూటర్లలో పెట్టుకుని నడుపుకోగలుగుతున్నారు. సెకండ్ లైఫ్ నుంచి బయటపడ్డ కొన్ని కాలేజీలు కూడా 'ఓపెన్‌సిమ్యులేటర్' అనే ఉచిత కోడుతో సొంత దీవులు వేసుకున్నాయి. పట్టా మన చేతిలో ఉంటే ఊరు నిలుస్తుంది. లేకపోతే దొర లేచినప్పుడు పందిరి లేస్తుంది.

అయితే ఇదంతా కంపెనీల మాయ, మనకొద్దు అనేద్దామా? తొందరపడొద్దు. మనలాగే అణగదొక్కబడినవాళ్లు దీన్ని ఎట్లా పట్టుకున్నారో చూద్దాం.

అమెరికాలో అట్లాంటా నగరంలో మోర్‌హౌస్ కాలేజీ ఉంది. బానిసత్వం పోయిన రెండేళ్లకే, 1867లో నల్లవాళ్ల కోసం పుట్టిన కాలేజీ. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో డిగ్రీ పుచ్చుకున్నది అక్కడే. కరోనా కాలంలో, 2021లో, ఆ కాలేజీ కెమిస్ట్రీ, బయాలజీ, చరిత్ర పాఠాలను హెడ్‌సెట్ లోకానికి మార్చింది. చరిత్ర తరగతిలో పిల్లల్ని బానిసల ఓడలోకి తీసుకుపోయారు. ఓడ అడుగున మనుషుల్ని కుక్కిన చోట నిలబెట్టి పాఠం చెప్పారు. పుస్తకంలో ఒక పేరాగా ఉండే బాధ తల తిప్పిన దిక్కల్లా కనపడింది. హాజరు పెరిగిందని, మార్కులు మెరుగయ్యాయని ఆ కాలేజీవాళ్లు చెప్పారు.

ఇంకొకటి నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీ. నల్లజాతి మేధావి డుబాయ్స్ చదివిన చోటు. మన బాబాసాహెబ్ 1946లో ఉత్తరం రాసి, నల్లవారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ కాపీలు పంపమని అడిగింది ఆ డుబాయ్స్‌నే. ఆయన జవాబూ రాశాడు. డాక్టర్ చదువు కోరే పిల్లలు శవాన్ని కోసి లోపలి భాగాలు నేర్చుకోవాలి. అట్లాంటి ల్యాబ్ పెట్టి నడపడం చిన్న యూనివర్సిటీకి తలకుమించిన ఖర్చు. 2021లో ఫిస్క్ హెడ్‌సెట్‌లో శవం ల్యాబ్ తెచ్చుకుంది. పిల్లలు గుండెను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తారు, పెద్దది చేసుకుని లోపలికి పోయి చూస్తారు.

ఇది చూసి మాకు సంతోషమూ వేసింది, అనుమానమూ వేసింది. సంతోషం ఎందుకంటే, లేనివాడికి ఒక కిటికీ తెరుచుకుంది. అనుమానం ఎందుకంటే, నల్లవాళ్ల కాలేజీలకు అసలు ల్యాబ్ ఎందుకు లేకపోయింది? 2023 సెప్టెంబర్‌లో అమెరికా కేంద్ర ప్రభుత్వమే 16 రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాసింది. నల్లవారి కోసం పెట్టిన ప్రభుత్వ లాండ్‌గ్రాంట్ యూనివర్సిటీలకు 30 ఏళ్లలో 1,200 కోట్ల డాలర్లకు పైగా తక్కువ ఇచ్చారని లెక్క తేల్చింది. మోర్‌హౌస్, ఫిస్క్ ప్రైవేటువి, ఈ లెక్కలోకి రావు. కానీ సంగతి అర్థమవుతోంది గదా. అసలుది ఎగ్గొట్టినవాడే బొమ్మ చేతిలో పెట్టి సరిపెట్టుకోమంటే? రేపు మన డిగ్రీ కాలేజీల్లో అదే జరిగితే? పెద్ద కాలేజీలో నిజమైన ల్యాబ్, మనకు ల్యాబ్ బొమ్మ. వాళ్లకు సారు, మనకు సారు బొమ్మ. అది సమానత్వం కాదు. రెండో గ్లాసు!

ఇక అవతార్ వేసుకుంటే కులం కనపడదు అనే మాట. వినడానికి ఎంత బాగుంది! బొమ్మకు కులమేంటి, రంగేంటి? అమెరికాలో నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు ఇదే పరీక్షించి 2008లో ప్రకటించారు. 'దేర్' అనే వర్చువల్ ఊళ్లోకి పోయి, దారిన పోయే బొమ్మలను చిన్న సాయం అడిగారు. ముందు పెద్ద కోరిక కోరి, కాదన్నాక చిన్నది అడిగితే మొహమాటపడి ఒప్పుకుంటారు. మనుషుల్లో ఉన్న అలవాటే ఇది. తెల్లరంగు బొమ్మ అట్లా అడిగితే బాగా పనిచేసింది. నల్లరంగు బొమ్మ అడిగితే ఆ మొహమాటం బాగా తగ్గిపోయింది. బొమ్మ వెనక ఉన్నది ఎవరో ఎవరికీ తెలియదు. రంగు చూశారు, అంతే. లోకం మారింది, కళ్లు మారలేదు.

మన దగ్గర రంగు అక్కర్లేదు. పేరు చాలు, ఊరు చాలు, మాట యాస చాలు, ఎంట్రన్స్ ర్యాంకు చాలు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెలేస్తే, 2016 జనవరి చలిలో ఆరుబయట టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. వారిలో ఒకడైన రోహిత్ వేముల జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు. వందల ఎకరాల క్యాంపస్‌లో చోటు ఇవ్వలేనివాళ్లు కంప్యూటర్ ఊళ్లో చోటిస్తామంటే, ముందు ఈ నేలమీద లెక్క చెప్పమని అడుగుతాం. కులం ముసుగు వేసుకుంటే పోయేది కాదు. మన పిల్లలు తమ పేరుతో, తమ ముఖంతో కూర్చునే తరగతి కావాలి.

ఇప్పుడు వేలు సంగతి. ఈ కాలపు ద్రోణుడు కత్తి పట్టుకు రాడు. హెడ్‌సెట్ పెట్టుకున్నప్పుడు అది మన తల ఎట్లా తిరిగింది, చెయ్యి ఎట్లా కదిలింది అన్నీ కొలుస్తుంది. లేకపోతే బొమ్మ నడవదు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2020లో ఒక సంగతి బయటపెట్టారు. 511 మంది కదలికలను ఒక్కొక్కరివి అయిదు నిమిషాల లోపే చూపిస్తే, ఆ తర్వాత కదలికను బట్టి ఇది ఫలానా మనిషి అని యంత్రం నూటికి 95 సార్లు సరిగ్గా పట్టేసింది. పేరు అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు. మెడ తిప్పే తీరే వేలిముద్ర! పాఠం కోసం పోయిన పిల్ల తన ఒంటి గుర్తులు కంపెనీకి అప్పజెప్పి వస్తోంది. గురుదక్షిణ ముందే వసూలు.

మన ఇళ్ల సంగతి వేరే చెప్పాలా? 2017-18 జాతీయ శాంపిల్ సర్వే ప్రకారం పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి నాలుగున్నర కూడా లేవు, ఇంటర్నెట్ అందే ఇళ్లు పదిహేను. తర్వాత చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. కానీ ఇంటికొక్క ఫోను, అదీ నాన్నతో కూలికి పోతుంది. 2020 జూన్ 1న కేరళలో బళ్లు ఆన్‌లైన్ అయిన మొదటి రోజే, మలప్పురం జిల్లాలో కూలి మనిషి కూతురు, 14 ఏళ్ల దళిత బిడ్డ, ఇంట్లో ఫోన్ లేక, టీవీ పాడై, పాఠం అందలేదన్న దిగులుతో ప్రాణం తీసుకుంది. ఒక తెర లేకపోవడం మనకు ఎంత ఖరీదో అప్పుడే తెలిసింది. ఇప్పుడు అంతకంటే ఖరీదైన తెర వస్తోంది.

అందుకే మేమనేది ఒక్కటే. బొమ్మ చదువు వద్దని కాదు. దాని నేల ఎవరిదో ముందు తేలాలి.

దారి లేకపోలేదు. కేంద్ర విద్యాశాఖ డబ్బుతో ఐఐటీలు, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ లాంటివి కలిసి 'వర్చువల్ ల్యాబ్స్' కట్టాయి. సైన్సు, ఇంజనీరింగ్ ప్రయోగాలు కంప్యూటర్ మీద పైసా కట్టకుండా ఎవరైనా చేసుకోవచ్చు. హెడ్‌సెట్ అక్కర్లేదు. అది ప్రజల డబ్బుతో కట్టిన ఊరు, కౌలు లేని ఊరు. మన డిగ్రీ పిల్లల్లో ఎంతమందికి దాని పేరు తెలుసు? ఎన్ని కాలేజీల్లో చూపించారు? సంఘాల కార్యకర్తలు ముందు ఈ పని పట్టండి. మీ మండలంలోని డిగ్రీ కాలేజీకి పోయి అడగండి. కంప్యూటర్ గదికి తాళం ఉంటే తీయించండి.

దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ 1982లో మన హైదరాబాద్‌లో పుట్టింది. 1991 నుంచి బాబాసాహెబ్ పేరు మోస్తోంది. పగలు పనికి పోయి రాత్రి పుస్తకం పట్టేవాళ్లే దాని విద్యార్థులు. బొమ్మ తరగతి ఎవరికైనా పనికొస్తుందంటే ముందు వాళ్లకే. కాబట్టి ప్రభుత్వాలను ఇట్లా అడుగుదాం. వర్చువల్ తరగతులు ప్రజల డబ్బుతో, అందరికీ ఇచ్చేసిన కోడుతో, మన యూనివర్సిటీ కంప్యూటర్లలోనే కట్టాలి. పాఠం తెలుగులో ఉండాలి. స్టడీ సెంటర్లలో, సంక్షేమ హాస్టళ్లలో యంత్రాలు పెట్టాలి, ఇంటి నుంచి తెచ్చుకోమనగూడదు. పిల్లల కదలికల లెక్క బయటికి పోగూడదు. బొమ్మ ల్యాబ్ వచ్చిందని చెప్పి అసలు ల్యాబ్ ఒక్కటి మూయగూడదు, లెక్చరర్ పోస్టు ఒక్కటి ఆపగూడదు.

ఏకలవ్యుడి తప్పు బొమ్మ ముందు చదవడం కాదు. వేలు అడిగినప్పుడు ఎందుకని అడక్కపోవడం. ఆయన ఒంటరివాడు, అడగలేకపోయాడు. మనం ఒంటరివాళ్లం కాదు. అడుగుదాం. పిల్లలు ఆ ఊళ్లోకి పోవాలి. కౌలుదార్లుగా కాదు, పట్టాదార్లుగా పోవాలి. పది వేళ్లతో పోయి పది వేళ్లతో తిరిగి రావాలి.