ఆరో తరగతి దాకా ఆగాలా?

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

అటల్ టింకరింగ్ ల్యాబుల సంగతి మనలో చాలామందికి తెలుసు. 2016లో మొదలైన పథకం. ఎంపికైన స్కూలుకు 20 లక్షల దాకా ఇస్తారు. త్రీడీ ప్రింటర్, సెన్సర్లు, రోబో కిట్లు వస్తాయి. మంచిదే, కాదనం. కానీ అది 6 నుంచి 12 తరగతుల వాళ్ళకి. మన యానాది, ఎరుకల కాలనీల్లో ఆరో తరగతి దాకా రాకుండానే బడి వదిలేసిన పిల్లలు మన ఇళ్ళల్లోనే ఉన్నారు కదా! సంక్రాంతి దాటితే మిరప కోతలు. అమ్మానాన్న గుంటూరు, పల్నాడు వైపు కదిలితే చిన్నోళ్ళూ వెంట పోతారు. తిరిగొచ్చిన పిల్లోడికి బళ్ళో తన కోసం ఏదో ఉందనిపించాలి. దిద్దిందే దిద్దడానికైతే వాడు రాడు.

అందుకే చేత్తో చేసి నేర్చుకునే సైన్సు, లెక్కలు ఒకటో తరగతి నుంచే కావాలని మేం అంటున్నాం. మాలో కొందరు చదివిన బళ్ళల్లో సైన్సు కిట్టు బీరువాలోనే ఉండేది. "చెయ్యి పెట్టొద్దు, పగిలిపోద్ది" అన్నదే మేం విన్న మొదటి సైన్సు పాఠం.

సామాను లేదు అనేది సగం సాకు. ఈత బరికెల బుట్టనే తీసుకోండి. ఒకే బద్దతో ఒకటి పైన, ఒకటి కింద అల్లుకుంటూ చుట్టూ తిరగాలంటే నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉండాలి. ఎనిమిది పెడితే రెండో చుట్టు కూడా మొదటి దాని దారిలోనే పోద్ది, అల్లిక నిలవదు. తొమ్మిది పెడితే నిలుస్తుంది. మూడో తరగతి పిల్లకి ఎనిమిదితో ఒకటి, తొమ్మిదితో ఒకటి అల్లించి, ఎందుకిలా అయిందో చెప్పమనండి. సరి, బేసి ఇక జన్మలో మర్చిపోదు. వాడరేవు వైపు పిల్లలకి అమావాస్యకీ పున్నమికీ పోటు ఎక్కువని తెలుసు. నెల రోజులు గట్టున కర్ర పాతి గీతలు పెడితే అదే గ్రాఫు. చీరాలలో గుంట మగ్గం ఉన్న ఇంటికి తీసుకెళ్తే, కాలితో తొక్కే తొక్కుడు కర్ర దగ్గరే మీటల పాఠం అయిపోద్ది.

ఇక్కడ ఒక మాట వస్తుంది, రావాలి కూడా. "మా అమ్మ బుట్టలల్లే బతికింది, బిడ్డకీ అదే నేర్పుతారా?" అని ఒక అక్క అడిగింది. న్యాయమైన కోపం. కులపని నేర్పడానికి బడి అక్కర్లేదు. అందుకే మన పిల్లలకి మాత్రమే బుట్ట ఇచ్చి, మిగతా వాళ్ళకి కంప్యూటర్ ఇస్తే మేమే ముందు ఎదురు నిలబడతాం. క్లాసులో అందరూ అల్లాలి, అందరూ బ్యాటరీకి బల్బు కలపాలి.

ఇది మన రాష్ట్రంలో జరగనిదేం కాదు. 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ వాళ్ళకి కుప్పం దగ్గర 172 ఎకరాల క్యాంపస్ ఉంది. అక్కడితో ఆగకుండా వ్యాన్లలో, బైకుల మీద ప్రయోగాల సామాను పల్లె బడులకి తీసుకెళ్తారు. పిల్లలే తోటి పిల్లలకి చేసి చూపించే పద్ధతి కూడా పెట్టారు. మనకి బాగా నచ్చాల్సింది అదే. బైకు మీద పట్టే ల్యాబు మన కాలనీ సందులోకీ వస్తుంది.

ప్రభుత్వాన్ని అడుగుదాం. ప్రాథమిక బడికి ఏడాదికి కొంత డబ్బు, కిట్టు వాడి పగలగొట్టినా టీచర్ని నిలదీయకూడదని ఒక ఉత్తర్వు. ఈ రెండో దానికి ఖర్చే లేదు.

ఈలోగా హాస్టళ్ళలో ఉన్న మనం ఆదివారం రెండు గంటలు పెట్టగలం. పాడైన స్పీకర్లలో అయస్కాంతాలు, సైకిల్ ట్యూబులు, వాడని సిరంజిలు, టార్చి బల్బులు ఎవరి దగ్గరున్నా కింద పేరు, ఊరు రాయండి. ముందు చీరాల చుట్టుపక్కల ఒక్క కాలనీతో మొదలుపెడతాం. బరికెలు అక్కడే దొరుకుతాయి.