విమానం వేళకు మన ఊళ్ల నుంచి బస్సు కావాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రజలారా!

కడప విమానాశ్రయం 2015 జూన్‌లో తెరుచుకుంది. బెంగళూరుకు విమానం నడిపిన ఎయిర్ పెగాసస్ మరుసటి ఏడాదే మూతపడింది. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైన రోజు సిమ్లా–ఢిల్లీ విమానంతోపాటు కడప–హైదరాబాదు విమానం కూడా ఎగిరింది. దాన్ని నడిపిన ట్రూజెట్టూ నిలవలేదు. 2022 మార్చిలో ఇండిగో వచ్చింది. ఉడాన్ మొదలయ్యాక కంపెనీలు మారినా, సీట్లు నిండక పడే లోటును పూడ్చింది మాత్రం ప్రజల సొమ్మే.

ఆ సొమ్ములో కొంత బస్సుకు పెట్టమని మేం అడుగుతున్నాం.

ప్రొద్దుటూరు బంగారం వ్యాపారికీ, పులివెందుల చీనీ రైతుకూ, హైదరాబాదు ఆసుపత్రికి పోవాల్సిన జమ్మలమడుగు రోగికీ విమానం టికెట్ ఒక్కటే ఖర్చు కాదు. కారు మాట్లాడుకోవాలి. అది ఖాళీగా తిరిగొస్తుంది కాబట్టి రానుపోను బాడుగ మనమే కట్టాలి. అంత పెట్టే బదులు రాత్రి బస్సెక్కి పోదామనుకోవడంలో తప్పేముంది? ఇక సీట్లు ఎవరితో నిండాలి?

రెండు బస్సులు చాలు. ఒకటి జమ్మలమడుగులో బయలుదేరి ప్రొద్దుటూరు, ఎర్రగుంట్ల, కమలాపురం మీదుగా రావాలి. రెండోది పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా రావాలి. మూడు ఊళ్లలోనూ ఆర్టీసీ డిపోలున్నాయి. కొత్త బండ్లు కొనాల్సిన పని లేదు. కడపకు తిరిగే సర్వీసుల్లో కొన్నింటిని విమానం వేళకు కట్టి, విమానాశ్రయం దాకా నడిపితే సరి. విమానం ఆలస్యమైతే బస్సు ఆగాలి. ఈ ఒక్క షరతు తప్పితే రెండో నెలకే జనం నమ్మకం పోతుంది. గండికోట చూడవచ్చేవాళ్లకూ తిరుగు బస్సు అక్కరకొస్తుంది.

బెంగళూరులో వాయువజ్ర, హైదరాబాదులో పుష్పక్ బస్సులు నడుస్తున్నాయి. చిన్న విమానాశ్రయానికి ఆ అవసరం ఇంకా ఎక్కువ. అక్కడ విమానం తప్పితే ఇంకోటి వెంటనే దొరకదు. ఖాళీ బస్సులకు డీజిల్ దండగ అంటారేమో. మూడు నెలలు నడిపి చూడండి, వచ్చిన లోటును విమాన కంపెనీకిచ్చే సాయం పద్దులోనే కలపండి. ఖాళీ సీటుకు డబ్బిచ్చే ప్రభుత్వం ఆ సీటు నింపే బస్సుకు ఎందుకివ్వకూడదు?

2024 మార్చి 10న కొత్త టెర్మినల్‌కు శంకుస్థాపన జరిగింది. సంతోషమే. అది పూర్తయ్యేదాకా బస్సు కోసం ఆగాల్సిన పని లేదు.

‘డయల్ యువర్ డీఎం’ రోజున మీ డిపో మేనేజరుకు ఫోన్ చేయండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. ఏ ఊరి నుంచి, ఏ విమానానికి, నెలకు ఎన్నిసార్లు పోతారో అందులో రాయండి. వేళలు కట్టేవాళ్లకు కావాల్సింది ఆ లెక్కే.