పూడిక తీస్తాం సరే, అడవి మాటేంటి?

2015లో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు 46 వేల పైచిలుకు చెరువులు బాగు చేస్తామన్నారు. మంచి పనే. కానీ ఆ పూడిక ఎక్కణ్ణుంచి వస్తోందో అడిగినవాళ్ళు తక్కువ.

చెట్లున్న చోట చినుకు ముందు కొమ్మల మీద, తర్వాత రాలిన ఆకుల మీద పడి మెల్లగా నేలలోకి ఇంకుతుంది. చెట్లు నరికి దుంగలు ఈడ్చిన చోట నేల గట్టిపడుతుంది. నీళ్ళు మట్టితో సహా ఒక్కసారిగా వాగులో పడతాయి. వాగు అడుగున ఉన్న చేప గుడ్ల మీద ఆ బురద పేరుకుంటే ఊపిరాడక చస్తాయి.

"చెట్లే నీళ్ళు తాగేస్తాయి, కొట్టేస్తే వాగు పెరుగుతుంది కదా" అంటారు కొందరు. నిజమే, కొన్నాళ్ళు పెరగొచ్చు. కానీ వరదై పోయే నీరు వేరు, ఎండాకాలం దాకా ఊరే నీరు వేరు. చేపకీ, రైతుకీ కావాల్సింది రెండోది.

నర్సంపేట దగ్గరి పాకాల చూడండి. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టిన చెరువు ఇప్పటికీ పొలాలు తడుపుతోంది. దాని చుట్టూ అడవి ఉంది మరి! మా రఘునాథపల్లి వైపు మెట్ట ఊళ్ళకి ఆ భాగ్యం లేదు.

ఎగువన చెట్లు నరుకుతూ దిగువన పూడిక తీయడం, మెమరీ లీక్ వదిలేసి రోజూ సర్వర్ రీస్టార్ట్ చేయడం లాంటిదే. చెరువుకి పెట్టే డబ్బులో కొంత పైనున్న గుట్టలకీ పెట్టాలి. ఏమంటారు?